ఒక చేత్తో బొమ్మలు చేసి బతకగలదా?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు, ఇంటర్ అయింది. పుట్టుకతోనే ఎడమ చేతిలో పట్టు లేదు. గరగలు ఎత్తుకున్నవాళ్లు, సంక్రాంతికి దేవుణ్ని ఊరేగించే ప్రభలు... ఇవన్నీ మట్టితో చక్కగా చేస్తుంది. దీన్నే వృత్తిగా పెట్టుకోవచ్చా?
– ఒక తల్లి, అంబాజీపేట

జవాబు: పెట్టుకోవచ్చమ్మా, కానీ మట్టి మార్చాలి. మన నల్లమట్టి ఆరేకొద్దీ బాగా కుంచించుకుపోతుంది, ఇసుక కలపకపోతే పగుళ్లే. పైగా బరువు. కొయ్య చెక్కడమైతే ఒక చెయ్యి పట్టుకోవాలి, ఇంకో చెయ్యి ఉలి ఆడించాలి, అది వద్దు. ఈ చేతికి కాగితపు గుజ్జు నప్పుతుంది.

పాత పేపరు ముక్కలు ఒక రోజు నానబెట్టి రుబ్బాలి (వంట మిక్సీ కాకుండా వేరేది). గుడ్డలో పిండడం రెండు చేతుల పని. అందుకే మూటను చిల్లుల పళ్లెంలో పెట్టి, పైన పీట, దాని మీద సన్నికల్లు పెడితే నీళ్లు వాటంతటవే దిగుతాయి. తర్వాత చింతగింజల పిండి జిగురు, సుద్దపొడి కలిపి పిసకాలి. ప్లాస్టర్ అచ్చును క్లాంపుతో బల్లకు బిగించి, లోపల నూనె రాసి, అర సెంటీమీటరు మందాన గుజ్జు అద్దాలి. అంతకు మించితే పైన ఆరినట్టే ఉండి లోపల బూజు పడుతుంది. వానాకాలంలో ఫ్యాను కింద ఆరబెట్టడమే దారి. జిగురుకు పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు. అది విషం, గ్లౌజు వేసుకోవాలి.

అసలు జాగ్రత్త కుడిచేతికి. పనంతా దానిమీదే పడుతుంది కాబట్టి మణికట్టు నొప్పి త్వరగా వస్తుంది. అరగంటకోసారి చెయ్యి దించాలి, సన్న కుంచె పిడికి గుడ్డ చుట్టి లావు చేయాలి.

అమ్మకం బొమ్మల కొలువు చుట్టూ తిరుగుతుంది. సంక్రాంతి సరుకు డిసెంబరు మొదటికల్లా రంగులతో సహా సిద్ధం కావాలి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే జనానికి చేతిలో పట్టేంత ప్రభ చేస్తే ఇంటికి పట్టుకెళ్తారు. ధర కట్టేటప్పుడు గంటల కూలి కలపండి. చాలామంది రంగుల ఖర్చే లెక్కేసి నష్టపోతారు.

యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) లేకపోతే ముందు అది తీయించండి. చాలా సదుపాయాలకు 40 శాతం వైకల్యం ఉండాలి. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం వీళ్లకు 5 శాతం సీట్లున్నాయి, డిగ్రీ మానిపించకండి. చేతివృత్తుల వాళ్లకు కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో సంప్రదాయ బొమ్మల తయారీ ఒకటి. ఇంటికి ఒకరికే ఇస్తారు; శిక్షణతో పాటు పనిముట్లకు 15,000 రూపాయలు వస్తాయి. 5 శాతం వడ్డీకి లక్ష అప్పు కూడా ఉంది గానీ, ఒక సంక్రాంతి అమ్మకం చూశాకే దాని జోలికి వెళ్లండి.