ఒడంబడిక మనది కాదా?

సందేహం: మా అమ్మాయి, కాబోయే అల్లుడు ఇద్దరూ ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. జీతాల సంగతి, కాపురం ఎక్కడ, ఎవరి అమ్మానాన్నలను ఎవరు చూసుకోవాలి అన్నవి పెళ్లికి ముందే రాసుకుందామంది అమ్మాయి. నేను ఫోనులో ‘మా అమ్మాయి షరతులు పంపుతున్నాం’ అనేసరికి వియ్యాలవారు నొచ్చుకున్నారు. ‘ఒడంబడిక’ అందామంటే అది కన్నడమంటున్నారు మావారు. ఏ మాట వాడాలి? అందులో ఎవరి పేరు ముందుండాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

సమాధానం: వియ్యాలవారు నొచ్చుకోవడంలో వింతేమీ లేదమ్మా. షరతు అరబ్బీలో పుట్టి, పారసీ మీదుగా మన కచేరీల్లోకి వచ్చిన మాట. ఒకరు పెడతారు, ఇంకొకరు తల ఊపుతారు. బెయిలుకు షరతులుంటాయి. డిస్కౌంటు ప్రకటనల అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో షరతులుంటాయి. వాటిని ‘నిబంధనలు మరియు షరతులు’ అని రాసేవాళ్ల మీద నాకున్న కోపం వేరు. ఆ ‘మరియు’ను ఎవరి ఇంట్లోనైనా మాట్లాడగా విన్నారా?

ఒడంబడిక కన్నడమే. తెలుగూ అదే, తమిళమూ అదే. తమిళంలో ‘ఉడన్’ అంటే కూడా, వెంట. ‘ఉడన్‌పడు’ అంటే సమ్మతించు, దాని నామం ‘ఉడన్‌పడిక్కై’. కన్నడంలో ఒడంబడికె. మనకు ఒడబడు, ఒడంబడు. ఎదుటివాణ్ని ఒప్పిస్తే ఒడబరచడం. మీవారికి అనుమానం ఎందుకొచ్చిందో ఊహించగలను: బైబిలు రెండు భాగాలనూ కన్నడిగులు హళెయ, హొస ఒడంబడికె అంటారు. మనం పాత, కొత్త నిబంధన అన్నాం. తమిళులు ‘ఏర్పాడు’ అన్నారు. ఉమ్మడి ఆస్తిలో పొరుగువారు ఒక గదిని ఎక్కువగా వాడుకుంటే ఆ గది వారిదైపోదు.

నన్నడిగితే వీటన్నిటికన్నా చక్కని మాట ఒకటుంది. గడియారానికి కట్టేసి దాన్ని పాడుచేసుకున్నాం. సమయం! సమ్ అనే ఉపసర్గ మీద ‘ఇ’ ధాతువు, అంటే కూడి రావడం. ఇద్దరు ఒక మాట మీదికి వస్తే సమయం. వాళ్లు కలవాలనుకున్న వేళ కూడా సమయమే. ఇప్పుడు వేళ ఒక్కటే మిగిలింది. తాను చేసేదాన్ని అడ్డుకోకూడదు, ప్రశ్నించకూడదు అని గంగ శంతనుడికి పెళ్లికి ముందే చెప్పింది. ఏడుగురు బిడ్డలు నీళ్లపాలయినా అతడు నోరు మెదపలేదు. ఎనిమిదోవాడి దగ్గర అడ్డుపడ్డాడు, ఆమె వెళ్లిపోయింది. ఆ కట్టుబాటును వ్యాసుడు సమయమనే అన్నాడు. ద్రౌపది విషయంలో అన్నదమ్ములు అయిదుగురూ చేసుకున్నదీ సమయమే. అది తప్పినందుకే అర్జునుడు తీర్థయాత్రకు బయల్దేరాడు. ఆదిపర్వాన్ని నన్నయ తెలుగు చేసి వెయ్యేళ్లు కావస్తోంది. అక్కడ చదివి ఉంటే మీ అమ్మాయి కోరిక ఎవరికీ కొత్తగా తోచదు. చకోరాలు వెన్నెల తాగుతాయన్నది కవిసమయం, అంటే కవులందరూ ఒప్పుకున్న మర్యాద. పాత అర్థం అక్కడ ఇంకా బతికి ఉంది. దాన్నీ బతకనివ్వడం లేదు. మొన్న మన ఊళ్లోనే ఒక సభ కరపత్రంలో ‘కవి సమయం: సాయంత్రం 5 గంటలు’ అని చూశాను.

అలాగని మీ కాగితం మీద ‘సమయం’ అని రాస్తే ముహూర్తమనుకుంటారు. ఒడంబడిక అని రాయండి. రెండు రాజ్యాల సంధిలా బరువుగా ఉందంటే, ఉంది, కాదనను. ఒప్పందం తేలిక, తప్పు కూడా కాదు. కాకపోతే ఇంటి ఓనరుతో 11 నెలలకు చేసుకునేదీ అదే కదా అని నా మనసు కొంచెం వెనక్కి లాగుతుంది. ‘కమిట్‌మెంట్’ మాత్రం వద్దు.

నోటిమాటగా అయితే ‘అనుకున్నాం’ చాలు. కానీ అది గడుసు మాట. మనసులో తలచుకున్నా అనుకోవడమే, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నా అనుకోవడమే. ‘మనం అనుకున్నాం కదా’ అని ఒకరంటే ‘నువ్వు అనుకున్నావేమో’ అని రెండోవారు అనడం ఏ కాపురంలో లేదు? అందుకని కాగితంలో ఆ మాట వస్తే ముందు ‘ఇద్దరం మాట్లాడుకుని’ అని చేర్చండి.

ఎవరి పేరు ముందుండాలన్నది వ్యాకరణం చెప్పదు. అకారాదిగా రాసి, గొడవను అక్షరమాల మీద పెట్టేయండి.