సరిహద్దు దాటే రోజువారీ ప్రయాణాలు: ఈ రంగంలో స్థిరపడాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఒక రాష్ట్రంలో ఉంటూ పక్క రాష్ట్రానికి ఉద్యోగం కోసం రోజూ వెళ్లి వచ్చేవారికి బస్సులు, రైళ్లు ఎలా నడపాలో ప్రణాళిక వేసే పని చేయాలని ఉంది. అలాంటి ఉద్యోగమే లేదని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఎంటెక్ చేయాలా, ప్లానింగ్‌లో పీజీ చేయాలా?

సమాధానం: ఉద్యోగం ఉంది. కాకపోతే ఆ పేరుతో ప్రకటన వెలువడటం అరుదు కనుక, మీ ఇంట్లోవారి సందేహాన్ని తీసిపారేయకండి. పని ఎలా ఉంటుందో వారికి వివరించండి.

అందుకు దేశ రాజధాని ప్రాంతం (ఎన్‌సీఆర్) మంచి ఉదాహరణ. ఢిల్లీలోని ఆనంద్ విహార్ బస్ స్టేషన్, ఉత్తరప్రదేశ్‌లోని కౌశాంబి బస్ డిపో దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. ప్రయాణికుడికి అది రోడ్డు దాటినంత పని; ప్రభుత్వాలకు మాత్రం అక్కడ పర్మిట్లు, పన్నులు, బస్సుల యాజమాన్యం అన్నీ మారిపోతాయి. ఢిల్లీని, దాని చుట్టూ హరియాణా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో ఉన్న జిల్లాలను ఒకే ప్రాంతంగా చూసి ప్రణాళిక వేయడానికి పార్లమెంటు 1985లోనే చట్టం చేసి ఎన్‌సీఆర్ ప్లానింగ్ బోర్డును ఏర్పాటు చేసింది. ఆ బోర్డు రవాణా ప్రణాళికలో ఎనిమిది ప్రాంతీయ రైలు కారిడార్లను గుర్తించగా, వాటిని చేపట్టేందుకు 2013లో నేషనల్ క్యాపిటల్ రీజియన్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ (ఎన్‌సీఆర్‌టీసీ) ఏర్పడింది. అందులో సగం వాటా కేంద్రానిది. మిగతా సగాన్ని ఢిల్లీ, హరియాణా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ తలా 12.5 శాతం చొప్పున పంచుకున్నాయి. దాదాపు 82 కిలోమీటర్ల ఢిల్లీ-మీరట్ మార్గంలో మొదటి 17 కిలోమీటర్లు 2023 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ లోపలే మొదలయ్యాయి. రైలు సరిహద్దు దాటి ఢిల్లీలోకి వచ్చింది 2025 జనవరిలో.

బస్సుల సంగతి ఇంకా సున్నితం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 88వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ సాధారణంగా మరో రాష్ట్రంలో చెల్లాలంటే దాని మీద అక్కడి అధికారుల ప్రతిసంతకం (కౌంటర్‌సిగ్నేచర్) కావాలి. అందుకే పొరుగు రాష్ట్రాలు పరస్పర ఒప్పందాలు చేసుకుంటాయి. 2020 నవంబరులో ఏపీఎస్ఆర్టీసీ, టీఎస్ఆర్టీసీల మధ్య కుదిరిన ఒప్పందాన్ని ఒకసారి చదవమని నా సలహా. ఆంధ్రప్రదేశ్ బస్సులు తెలంగాణలో 1,60,999 కిలోమీటర్లు, తెలంగాణ బస్సులు ఆంధ్రప్రదేశ్‌లో 1,61,258 కిలోమీటర్లు తిరగాలని అందులో నిర్ణయించారు. బస్సుల సంఖ్య మాత్రం 638, 826గా వేర్వేరుగా ఉంది. అంటే బేరమంతా బస్సుల లెక్క మీద కాదు, కిలోమీటర్ల సమానత్వం మీద జరిగింది. ఎవరి బస్సు ఎవరి నేల మీద ఎంత తిరుగుతుంది, టికెట్ డబ్బు ఎవరికి చేరుతుంది, నష్టం ఎవరు భరిస్తారు అన్నవి తేల్చకుండా గీసిన మార్గాలు పటం మీదే మిగిలిపోతాయి.

ఇక చదువు. ప్రయాణాలు ఎక్కడ పుడతాయి, ఎటు వెళ్తాయి, జనం ఏ వాహనాన్ని, ఏ దారిని ఎంచుకుంటారు అని అంచనా వేసే గణితం మీకు నచ్చితే ఎన్ఐటీ వరంగల్ వంటి చోట్ల ఉన్న ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్ ఎంటెక్ సరైనది. దానికి గేట్ సివిల్ పేపర్ రాయాలి. భూవినియోగం, చట్టం, ఆర్థిక వనరులు, సంస్థల మధ్య సమన్వయం మీద ఆసక్తి ఎక్కువైతే ఢిల్లీలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ పీజీ ఉంది. మీరు కోరుకుంటున్న పనికి నేనైతే రెండో దారివైపే మొగ్గుతాను, ఎందుకంటే లెక్కలు వచ్చినవారు చాలామంది దొరుకుతారు గానీ, ఆ లెక్కను రెండు ప్రభుత్వాల అధికారుల ముందు పెట్టి ఒప్పందం దాకా తీసుకువెళ్లగలవారు తక్కువ. ఏ దారి పట్టినా పటాల కోసం క్యూజీఐఎస్, ప్రయాణాల అంచనా కోసం విసమ్ లేదా ట్రాన్స్‌క్యాడ్ వంటి సాఫ్ట్‌వేర్లు నేర్చుకోక తప్పదు.

చేరగానే ప్రణాళికలు వేయిస్తారని ఆశించకండి. చాలామంది రవాణా కన్సల్టెన్సీల్లో సర్వేలతో, డేటా సరిచూడటంతో మొదలుపెడతారు. అక్కడి అనుభవంతో కేంద్ర ప్రభుత్వ రవాణా కన్సల్టెన్సీ అయిన రైట్స్, మెట్రో సంస్థలు, ఎన్‌సీఆర్‌టీసీ వంటి చోట్లకు ప్రయత్నించవచ్చు. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంత ఉండకపోవచ్చని ఇంట్లో ముందే చెప్పండి.

దరఖాస్తు చేసేలోపు ఒక పని చేయండి. ఏదైనా సరిహద్దు బస్టాపులో మూడు పనిదినాలు, ఉదయం ఏడు నుంచి పది వరకు నిలబడి, ప్రతి బస్సు ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగి నడిచి వెళ్లి అవతలి రాష్ట్రపు బస్సు ఎక్కారు అని పావుగంటకో వరుస చొప్పున నోట్‌బుక్‌లో రాయండి. వారిలో పదిమందిని అలా ఎందుకు మారుతున్నారో అడగండి. మూడో రోజు కూడా అడగాల్సిన ప్రశ్నలు మీకు మిగిలే ఉంటే, గేట్ పుస్తకాలు తెరవండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ వెంట తీసుకువెళ్లండి.