రెండు వందల మందేనా?

ప్రశ్న: నూట యాభై ఏళ్ళలో, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్ కింద విచారణకు గురైనవారు రెండు వందల మంది కూడా లేరని సుప్రీంకోర్టే ఒక తీర్పులో అన్నదని చదివాను. అంత అరుదుగా వాడిన చట్టానికి జడిసి స్వలింగ ప్రేమికులు జీవితమంతా గుట్టుగా బతికారనడం అతిశయోక్తి కాదా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు చదివింది నిజమే. 2013 డిసెంబరు 11న కౌశల్ కేసులో వెలువడిన తీర్పులో ఆ మాట ఉంది. కాకపోతే అది ప్రచురితమైన తీర్పులను బట్టి వేసిన లెక్క. పార్కులోనో బస్టాండులోనో పట్టుకుని, జేబులోని డబ్బూ చేతి గడియారమూ లాక్కుని, ‘మీ ఇంట్లో చెప్పమంటావా’ అని బెదిరించి వదిలేసినవారి సంగతి ఏ తీర్పుకూ ఎక్కదు. యావజ్జీవ శిక్ష దాకా వేయగల సెక్షన్ ఒకటి పుస్తకంలో ఉంటే చాలు, దాన్ని కోర్టు దాకా తీసుకువెళ్ళనక్కరలేదు. బ్రిటన్‌లో 1885లో వచ్చిన ఇటువంటి చట్టానికి అక్కడివారు ‘బ్లాక్‌మెయిలర్ల పట్టా’ అనే పేరు పెట్టారు. మన 377ను 1860లో రాసిందీ ఆ పాలకులే.

ఇక గుట్టు సంగతి. తెలుగులో అది నింద కాదు. గుట్టుగా సంసారం చేసుకునేవారిని మనం మెచ్చుకుంటాం. అందుకే పెళ్ళీడు దాటిన కొడుకు వచ్చిన సంబంధాలన్నిటికీ వంకలు పెడుతున్నా, కూతురు స్నేహితురాలితో ఏళ్ళ తరబడి పట్నంలో ఒకే ఇంట్లో ఉంటున్నా, పెద్దలు అడగరు, పిల్లలు చెప్పరు. చివరికి నలుగురి నోళ్ళకు వెరచి ఆ కొడుక్కి పెళ్ళి చేస్తే, ఏమీ తెలియని ఒక అమ్మాయి జీవితం కూడా ఆ గుట్టులో చిక్కుకుంటుంది. ఆమెకు జరిగిన అన్యాయాన్ని తలచుకునేవారు ఈ చర్చల్లో మరీ తక్కువ.

స్త్రీలకు ఈ సెక్షన్ వర్తిస్తుందా అన్నదే సందేహంగా ఉండేది. అయినా 1987లో మధ్యప్రదేశ్‌లో ఒకరినొకరు పెళ్ళాడిన ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళ ఉద్యోగాలు పోయాయి. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు వయోజనుల ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదన్నది. ఏడు నెలలు తిరిగేసరికి, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో మరాఠీ బోధించే ఆచార్య సిరాస్ మరో పురుషుడితో ఉండగా ఆయన ఇంట్లోకి కొందరు కెమెరాతో చొరబడ్డారు. యూనివర్సిటీ ఆయనను సస్పెండ్ చేయగా, 2010 ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు దానిపై స్టే ఇచ్చింది. వారం తిరగకుండానే ఆయన అద్దె ఇంట్లో శవమై కనిపించారు. మీరు చెప్పిన రెండు వందల లెక్కలో ఆయన లేరు.

మరొకటి. నాజ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2001లో వేసిన పిటిషన్‌ను ఢిల్లీ హైకోర్టు మొదట 2004లో కొట్టివేసింది. ఈ చట్టం వల్ల నేరుగా బాధపడినవారెవరూ తన ముందుకు రాలేదన్నది కారణం. ఎలా వస్తారు? అఫిడవిట్ మీద సంతకం పెట్టడమంటే నేరం ఒప్పుకోవడమే కదా! సుప్రీంకోర్టు 2006లో ఆ పిటిషన్‌ను వెనక్కి పంపి విచారించమన్నది గనుకనే 2009 నాటి తీర్పు సాధ్యమైంది. ఆ తీర్పును 2013లో కౌశల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. దాంతో 2016లో నృత్య కళాకారుడు నవతేజ్ జోహార్‌తో కలిపి అయిదుగురు సొంత పేర్లతో సుప్రీంకోర్టు మెట్లెక్కారు. 2018 సెప్టెంబరు 6న గెలిచారు. 2022లో పెళ్ళి హక్కు కోరుతూ అదే కోర్టుకు వెళ్ళినవారిలో హైదరాబాదు జంట కూడా ఉంది. ఆ కేసు 2023 అక్టోబరులో ఓడిపోయింది గానీ, దాని మీద ఉన్నది ఆ జంటలో ఒకరి పేరే.