మసాలా కంపెనీలో ఫుడ్ సేఫ్టీ హెడ్ పోస్టు ఒప్పుకోవచ్చా? ముందు లారీ ఎవరు ఆపగలరో కనుక్కోండి

ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీ చేశాను, ఐదేళ్ళు క్యూసీలో, అంటే సరుకు నాణ్యత చూసే విభాగంలో చేశాను, ఇప్పుడు ఒక మసాలా కంపెనీ వాళ్ళు ఫుడ్ సేఫ్టీ, రెగ్యులేటరీ రెండూ చూసే హెడ్ పోస్టు ఇస్తామంటున్నారు, వెళ్ళొచ్చా అని మీరు అడిగారు. నేను గుంటూరు దగ్గర కారప్పొడి ఫ్యాక్టరీలో ఇదే పని ఎనిమిదేళ్ళు చేశాను కాబట్టి చెప్తున్నా, జీతం సంగతి తర్వాత, ముందు వాళ్ళు మీతో ఫారం 9 మీద సంతకం పెట్టించుకుంటారా లేదా అడగండి. 2006 ఆహార భద్రత చట్టం సెక్షన్ 66 కింద కంపెనీ తరఫున బాధ్యుడు ఫలానా అని ఇచ్చే కాగితం అది. రేపు ఏదైనా కేసయితే ఓనరు పేరు కంటే ముందు మీ పేరు పిలుస్తారు. చాలామంది జాయినింగ్ రోజు పీఎఫ్ కాగితాలతో పాటు దాని మీద కూడా చదవకుండా సంతకం పెట్టేస్తారు, నేనూ అలాగే పెట్టాను.

దాని బరువేంటో నాకు తెలిసింది ఒక ఏప్రిల్ నెలలో. ఆవకాయ సీజన్, రాత్రీపగలూ మిషన్లు తిరుగుతున్నాయి. పొద్దున 6 గంటలకి షిఫ్టు మారేటప్పుడు క్లీనింగ్ కోసం పల్వరైజర్ (మిరపకాయలు పొడి కొట్టే మిషన్) తెరిచిన కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు, "మేడమ్, జల్లెడ మూల చిరిగిపోయింది" అని. వెళ్ళి చూస్తే బొటనవేలి గోరంత ముక్క లేదు. అంతకుముందు రాత్రి 10 గంటలకి చూసినప్పుడు బాగానే ఉందని రిజిస్టర్లో ఉంది. అంటే ఆ ఎనిమిది గంటల్లో పట్టిన 4 టన్నుల కారంలో ఎక్కడో స్టీలు తీగ ముక్కలు ఉన్నాయి. అందులో 1,200 కేజీలు 200 గ్రాముల ప్యాకెట్లయిపోయి తెల్లవారుజామునే వైజాగ్ లారీ ఎక్కేశాయి, టెస్టు చేసి పంపొచ్చని ల్యాబ్ ఇచ్చే రిలీజ్ కూడా లేకుండా, డిస్ట్రిబ్యూటర్ తొందరపెడుతున్నాడని.

ఓనరు గారికి ఫోన్ చేస్తే "మెటల్ డిటెక్టర్ ఉంది కదమ్మా, ముక్క ఉంటే అదే పట్టేసేది, లారీ ఎందుకు వెనక్కి" అన్నారు. ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. అది స్టెయిన్‌లెస్ స్టీలు, మాగ్నెట్‌కి సరిగ్గా అంటుకోదు. డిటెక్టర్‌కి కూడా ఇనుము తేలిక, స్టెయిన్‌లెస్ కష్టం, అందులోనూ సన్న తీగ అయితే బెల్టు మీద ఏ వైపు తిరిగి ఉందో దాన్ని బట్టి దొరుకుతుంది లేకపోతే దాటిపోతుంది. మనం టెస్టు చేసేది గుండ్రటి బాల్‌తో, పడేది తీగ. ఇదంతా చెప్పాను, ఆయన వినట్లేదు. "సరే సార్, అయితే ఇవాళే ఫారం 9లో నా పేరు తీసేసి మీ పేరు రాయండి, లారీ వెళ్ళనిద్దాం" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే డ్రైవర్‌కి ఫోన్ చేశారు. లారీ హనుమాన్ జంక్షన్ దగ్గర టీకి ఆగి ఉందట, అక్కణ్ణుంచే తిప్పించారు.

గోడౌన్లో ఉన్న కారమంతా మళ్ళీ జల్లించాం, దొరికిన తీగ ముక్కలన్నీ తెల్ల కాగితం మీద పెట్టి ఆ చిరుగులో ఒక్కొక్కటీ అమర్చుకుంటూ వచ్చాం. ఒక్క ముక్క తక్కువ. లారీలోంచి దించిన 6,000 ప్యాకెట్లూ కత్తిరించాల్సిందే అన్నాను. తొడిమలు తీసే ఆడవాళ్ళు పధ్నాలుగు మంది రెండు రోజులు కూర్చున్నారు, కళ్ళు మండిపోతున్నా ఒక్కరూ లేవలేదు. రెండో రోజు సాయంత్రం దొరికింది, బియ్యపు గింజ కంటే కాస్త పొడుగు. డిటెక్టర్ ఓకే చేసి పంపిన ప్యాకెట్లోనే ఉంది. ఎవరింటి ఆవకాయలో కలిసి ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకో విషయం కూడా చెప్పాలి, నాకు దీని మీద చాలా కోపం. ఎండు మిరపకాయల్లో అఫ్లాటాక్సిన్, అంటే బూజు వల్ల పుట్టే విషం, కేజీకి 10 మైక్రోగ్రాములు దాటితే యూరప్ వాళ్ళు వెనక్కి పంపుతారు, మనకి మాత్రం 30 దాకా చెల్లుతుంది. అదే గుంటూరు కాయ, అదే కల్లం. వానకి తడిసిన కాయ, రంగు పోయిన తాలు కాయ ఏరి పక్కన పెట్టేది ఎక్స్‌పోర్టు లాట్‌కి మాత్రమే అయితే ఆ ఏరింది ఎటు పోతుందో ఆలోచించండి. మా ఫ్యాక్టరీలో నేను రెండింటికీ 10 అనే పెట్టించాను, కాయ కొనే మా పర్చేజ్ వాళ్ళు గోల చేశారు, అయినా నడిచింది. అందరూ చెయ్యొచ్చు, చెయ్యరు.

ఇక రంగు. 2003లో యూరప్‌లో మన మిరప సరుకులో సూడాన్ రంగు, తిండిలో వాడకూడని ఫ్యాక్టరీ రంగు, దొరికింది, 2005లో బ్రిటన్‌లో కల్తీ కారం వల్ల వందల రకాల సరుకులు షాపుల్లోంచి తీసేశారు. అంత జరిగినా ఇక్కడ షాపువాడు "మీ కారం ఎర్రగా లేదండీ" అనే అంటాడు. తేజ కాయకి ఘాటు ఉంటుంది, బ్యాడిగికి రంగు ఉంటుంది, రెండూ కావాలంటే రెండూ కలిపి పట్టాలి, ఖర్చవుతుంది. ఖర్చు పెట్టకుండా ఎర్రగా కావాలంటే ఏం కలుపుతారో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీ పోస్టు సంగతికొస్తే, వెళ్ళండి, మంచి పని. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు, ఆరు నెలలకోసారి టెస్టు రిపోర్టులు, ఏటా మే 31 లోపు రిటర్ను, లేబుళ్ళు ఇవన్నీ మూణ్ణెల్లలో వచ్చేస్తాయి. కాకపోతే మీరు రిపోర్టు చేసేది ప్రొడక్షన్ హెడ్‌కి అయితే మాత్రం వద్దనండి, నేరుగా ఓనర్‌కి అయితేనే ఒప్పుకోండి. హోల్డ్ పెట్టిన, అంటే పంపకుండా ఆపిన సరుకు మీ సంతకం లేకుండా కదలదని ఆఫర్ లెటర్లో రాయించుకోండి. ఇంటర్వ్యూ అయ్యాక బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర సెక్యూరిటీ అతన్ని ఒక్క మాట అడగండి, క్వాలిటీ వాళ్ళు లారీ ఆపమంటే ఏం చేస్తావు అని. "డిస్పాచ్ సార్‌ని అడగాలండీ" అన్నాడంటే ఆ ఫారం మీద సంతకం పెట్టకండి.