వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్ ఎస్సెమ్మెస్‌లకూ జవాబివ్వాలంటే ఏం చేయాలి?

కోడ్ పరంగా ఇది పెద్ద పనేం కాదు. ట్విలియో లాంటి గేట్‌వేలో (మొబైల్ నెట్‌వర్క్‌కూ మీ సర్వర్‌కూ మధ్య ఎస్సెమ్మెస్‌లు చేరవేసే సర్వీసు) మెసేజ్‌లు అందుకోగలిగే నంబర్ తీసుకుని, దానికి మీ సర్వర్ అడ్రస్‌ను వెబ్‌హుక్‌గా (మెసేజ్ రాగానే కబురు అందాల్సిన చోటుగా) ఇస్తారు. కస్టమర్ మెసేజ్ పెట్టగానే గేట్‌వే ఆ టెక్స్ట్‌నూ, పంపినవారి నంబర్‌నూ మీ సర్వర్‌కు చేరవేస్తుంది. మీరు దాన్ని బాట్‌కు ఇచ్చి, వచ్చిన జవాబును తిప్పి పంపుతారు. ఎస్సెమ్మెస్‌లో సెషన్ అంటూ ఉండదు కాబట్టి, పాత సంభాషణను ఫోన్ నంబర్ ఆధారంగా మీరే దాచుకోవాలి. బాట్ ఆలస్యం చేసేదైతే వెబ్‌హుక్‌కు వెంటనే ఓకే చెప్పేసి, జవాబు విడిగా పంపండి. ట్విలియో 15 సెకన్లకు మించి ఆగదు.

అసలు తలనొప్పి మన దేశంలో రూల్స్‌తోనే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం సంస్థ, హెడర్ (పంపినవారిగా కనిపించే పేరు), మెసేజ్ టెంప్లేట్ (ముందే ఖరారు చేసిన నమూనా) అన్నీ డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ వేదికలో ముందే రిజిస్టర్ అవ్వాలి. బాట్ అప్పటికప్పుడు అల్లే వాక్యాలు ఏ టెంప్లేట్‌లో ఇముడుతాయి? పైగా అక్షరాల హెడర్‌తో వెళ్లిన మెసేజ్‌కు కస్టమర్ రిప్లై ఇవ్వలేరు. ఆర్డర్ స్టేటస్ లాంటి బిగించిన జవాబులకైతే ఎస్సెమ్మెస్ సరిపోతుంది.

తెలుగులో పంపితే ఖర్చూ చూసుకోండి. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగుకు వాడే యూనికోడ్‌లో 70 మాత్రమే. అందులోనూ ‘స్త్రీ’ ఒక్కటే ఆరు అక్షరాలుగా లెక్కకొస్తుంది!

స్వేచ్ఛగా మాట్లాడే బాట్ కావాలంటే నా ఓటు వాట్సాప్ బిజినెస్ ఏపీఐకే (మీ సర్వర్ నుంచి నేరుగా వాట్సాప్ మెసేజ్‌లు పంపే మార్గం). కస్టమర్ చివరి మెసేజ్ నుంచి 24 గంటల దాకా టెంప్లేట్ గొడవ లేకుండా జవాబివ్వొచ్చు.