అంబాసిడర్ వెనక అద్దం రబ్బరు ఇంట్లో మార్చుకోవచ్చా?

వాన పడితే వెనక సీటు వీపు తడుస్తోంది, డిక్కీ అడుగున నీళ్లు నిలుస్తున్నాయి, చుట్టూ సిలికాన్ పెట్టించినా ఆగలేదు, పాత అంబాసిడర్‌కి రబ్బరు మనమే మార్చుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. మార్చుకోవచ్చు. ఇద్దరుంటే అద్దం ఎక్కించడం గంటన్నర పని. దాని కింద రేకుకి మాత్రం రెండు రోజులు పెట్టుకోండి.

ముందు కారేది అద్దం దగ్గరేనా అన్నది తేల్చుకోండి. డిక్కీ మూత రబ్బరు, టెయిల్ లైట్ల వాషర్లు, పైకప్పు అంచున వాననీళ్లు జారే గాడిలోని అతుకు, వీటిలో ఏది పోయినా నీళ్లు చేరేది డిక్కీలోకే. వెనక సీటు తీసేసి, పార్సిల్ ట్రే (సీటు వెనక, అద్దం కింద ఉండే పలక) అట్ట ఎత్తి, లోపలి రేకు పొడిగా తుడిచి సుద్దపొడి చల్లండి. ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట పైపుతో సన్నటి ధార పట్టాలి. కిందనుంచి మొదలుపెట్టి ఒక్కో చోట ఐదు నిమిషాలు ఆగి పైకి రండి. పైనుంచి మొదలుపెడితే అంతా ఒకేసారి తడిసి ఏమీ తేలదు. నీటిచుక్క రబ్బరు గాడి వెంట మూరెడు దూరం పాకి ఇంకెక్కడో దిగుతుంది కాబట్టి, తడి కనిపించిన చోటే కన్నం ఉందనుకోకండి. పొడిమీద చార ఎక్కడ మొదలైందో చూడండి.

రబ్బరు కొనేటప్పుడు పాతదాంట్లోంచి పది సెంటీమీటర్ల ముక్క కోసి వెంట తీసుకెళ్లండి. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట చూడ్డానికి ఒకేలా ఉండే బీడింగులు నాలుగైదు రకాలు చూపిస్తారు. తేడా అంతా గాడిలోనే. అద్దం పట్టే గాడి, రేకు పట్టే గాడి రెండూ కొలవాలి. రేకు అంచు రెండు మూడు పొరలు కలిపి వెల్డింగ్ చేసినది కాబట్టి గాడి వెడల్పు అర మిల్లీమీటరు తగ్గినా మూలల్లో కూర్చోదు. మూలలతో సహా అచ్చు పోసిన ఒంటి ముక్క దొరికితే అదే తీసుకోండి. మీటర్ల లెక్కన కొనాల్సి వస్తే మీటరుకు 5 మిల్లీమీటర్ల చొప్పున ఎక్కువ ఉంచి కోయండి, అతుకు పైన మధ్యలోకి రానివ్వండి. కింద పెడితే నిలిచిన నీళ్లు సరిగ్గా దాని మీదే ఉంటాయి.

తీసేటప్పుడు క్రోమ్ పట్టీ ఉంటే ముందు అది లాగేసి, రబ్బరు బయటి పెదవిని, అంటే గాజు మీదికి వచ్చే అంచును, బ్లేడుతో చుట్టూ కోసేయండి. పాత రబ్బరు మీద జాలి అక్కర్లేదు. లోపలినుంచి పై మూల దగ్గర అరచేతులతో మెల్లగా నెడితే అద్దం వస్తుంది, బయట ఒకరు పట్టుకోవాలి. వెనకది టఫెన్డ్ గాజు. మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది గానీ అంచుకు స్క్రూడ్రైవర్ మొన తగిలితే మొత్తం పలుకులైపోతుంది. తీశాక నేలమీద కాదు, దుప్పటి మీద పెట్టండి.

ఇక రేకు. కింది రెండు మూలల్లో తుప్పు దాదాపు ఖాయం. కొత్త రబ్బరు వేసినా కారే బళ్లలో చాలావాటి జబ్బు ఇదే: తిన్న అంచుమీద రబ్బరుకు పట్టు దొరకదు. దాని మీద వెనిగర్ వాసన వేసే సిలికాన్ ఎక్కిస్తే అందులోంచి వచ్చే ఆమ్లం రేకును ఇంకా తింటుంది. పైగా సిలికాన్ ఉన్నచోట రంగు పట్టదు, కాబట్టి దాన్ని ఆనవాలు లేకుండా గీకేయాలి. తుప్పును వైర్ బ్రష్‌తో, 80 నంబరు ఎమరీతో మెరిసే రేకు దాకా రుద్ది, ఎపాక్సీ ప్రైమర్, పైన రంగు వేసి ఒక రోజు ఆరనివ్వండి. చిల్లులుంటే ముక్క వేసి వెల్డింగ్ చేయించాల్సిందే. లప్పంతో పూడుస్తానంటే ఒప్పుకోవద్దు, అది తేమ పీల్చుకుని రెండో వానాకాలానికి ఊడిపోతుంది. ఇంకొకటి చాలామంది చూడరు: కొన్ని బళ్లలో రూఫ్ లైనింగ్ గుడ్డను రేకు అంచుమీదుగా బయటికి మడిచి అంటిస్తారు. అది దీపం వత్తిలా నీళ్లను లోపలికి లాగుతుంది. బయటివైపుకు వచ్చినంత మేర కత్తిరించండి.

ఎక్కించే ముందు రబ్బరును గంటసేపు ఎండలో పెట్టి అద్దానికి తొడగండి, ఎక్కడా సాగదీయకండి. సాగదీసి తొడిగింది తర్వాత ముడుచుకుని మూలల్లో లేస్తుంది. రేకు గాడిలో 4 మిల్లీమీటర్ల నైలాన్ తాడు చుట్టూ దూర్చి, రెండు కొసలూ కింద మధ్యలో జానెడు మేర ఒకదానిమీద ఒకటి వచ్చేలా లోపలికి వేలాడదీయండి. అర లీటరు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు కలిపి రేకుకు, రబ్బరుకు పూయండి. గ్రీజు, కిరోసిన్ వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. అద్దాన్ని కింది అంచున కూర్చోబెట్టి, లోపలివాళ్లు తాడును అద్దం మధ్య వైపుకు లాగుతుంటే, బయటివాళ్లు తాడు వచ్చే చోటే అరచేత్తో చరచాలి. కింది అంచు, తర్వాత రెండు పక్కలు, చివర పైన. ఎక్కడైనా పెదవి లోపలికి మడతపడితే బలవంతం చేయకుండా ప్లాస్టిక్ చెంచా కాడతో లేపండి.

సబ్బునీళ్లు ఆరాక, అంటే మర్నాడు, బయటి పెదవి కింద రెండు వైపులా, గాజు దగ్గర, రేకు దగ్గర, గట్టిపడని రకం అద్దాల మాస్టిక్ (సందులు మూసే మెత్తటి ముద్ద) పెట్టండి. ఒక 300 మిల్లీలీటర్ల ట్యూబు చాలు. కొత్త కార్లకు వాడే పీయూ (పాలీయురేథేన్ జిగురు) పెట్టి అంటించేస్తే ఇంకోసారి అద్దాన్ని పగలకుండా తీయడం చాలా కష్టం. ఒక రోజు ఆగి మళ్లీ సుద్దపొడి చల్లి, పైపు పట్టి చూడండి. ట్రే అట్ట, సీటు, కార్పెట్ ఆ పరీక్ష అయ్యాకే బిగించండి, అవి పూర్తిగా ఎండి ఉంటేనే.