పింగాణీ కప్పు మీద మామూలు అక్రిలిక్ రంగుతో వేసిన చేర్యాల (తెలంగాణ సంప్రదాయ చిత్రకళ) బొమ్మ కడిగితే ఎందుకు ఊడిపోతోంది?

మీరు వాడింది మామూలు అక్రిలిక్ అన్నారు కదా, అదే కారణం. పింగాణీ పైన గాజులాంటి నున్నటి పొర ఉంటుంది, అది రంగును పీల్చుకోదు, గోటితో గీకినా రంగు పెచ్చులుగా లేస్తుంది. ఓవెన్‌లో కాల్చే పింగాణీ రంగులు కొనండి. ముందు స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, బొమ్మ వేశాక ఒక రోజంతా ఆరనిచ్చి, చల్లటి ఓవెన్‌లోనే పెట్టి, వేడి 150 డిగ్రీలకు చేరాక సుమారు 35 నిమిషాలు ఉంచి (సీసా మీద వేరేగా ఉంటే అదే పాటించండి), లోపలే చల్లారనివ్వాలి, వేడిగా బయటికి తీస్తే కప్పు పగలొచ్చు.

చేర్యాల బొమ్మల వెనక ఉండే ఎరుపును కప్పంతా పూయకుండా ఒక పట్టీలా వేసి, అది పూర్తిగా ఆరాక దాని మీద మన వరంగల్ కోట తోరణం మీది హంసను సన్నటి నల్ల గీతతో దించండి, నాకు అదే చాలా ఇష్టం. పెదవి తగిలే అంచు, లోపలి వైపు మాత్రం వదిలేయండి.